ఇల్లూ మగ్గమూ ఒకే కప్పు కింద: చేనేత కుటుంబాల చిన్న కాలనీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పదిహేను ఇరవై నేత కుటుంబాలు కలిసి కొత్తగా ఇళ్లు కట్టుకుందామని కూర్చున్నప్పుడు వచ్చే ప్రశ్నలివి. పోచంపల్లి, పుట్టపాక వైపు అడిగేవీ మంగళగిరి, చీరాల వైపు అడిగేవీ చాలావరకు ఒకటే. తేడా నేలలోనూ నీళ్లలోనూ ఉంటుంది. మామూలు కాలనీ ప్లాన్‌లో హాలు, పడకగది, వంటగది ఉంటాయి, మగ్గానికి మాత్రం చోటుండదు. గృహప్రవేశం అయ్యాక మగ్గం కింద కాళ్లు పెట్టుకోవడానికి హాల్లో గుంట తవ్వుకుంటారు. ఇంట్లో మనుషులు తిరగడానికి చోటుండదు, నేసేవాళ్లకు వెలుతురుండదు. అందుకే ఇక్కడి జవాబులన్నీ మగ్గం దగ్గర మొదలవుతాయి. ముందు మగ్గం ఎక్కడో తేల్చుకుని, ఇల్లు దాని చుట్టూ గీయాలి.

ఇల్లు వేరుగా, అందరికీ కలిపి ఒక పెద్ద షెడ్డు వేరుగా కడితే సరిపోదా?

కొందరికి సరిపోతుంది. కానీ చేనేతలో నేసే పని ఒక్కటే ఉండదు. నూలును కండెలకు చుట్టాలి, డిజైను కోసం నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి, రంగు అంటకూడని చోట నూలుకు చిటికి కట్టాలి, కొత్త పోగులను పాతవాటికి కలిపి అచ్చు అతకాలి. ఈ పనులు ఇంటి పనుల మధ్యే, ముఖ్యంగా ఆడవాళ్ల చేతుల మీదుగా సాగుతాయి. 2019–20 చేనేత గణన ప్రకారం ఈ రంగంలో ఉన్న సుమారు 35 లక్షల మందిలో 72 శాతం ఆడవాళ్లే. షెడ్డు అర కిలోమీటరు దూరంలో ఉంటే, పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చి గంటసేపు నేసే అవకాశం పోతుంది. చంటిబిడ్డ ఉన్న తల్లికైతే పనే పోతుంది. ఇంటికి అతుక్కునే పనిచోటు ఉండాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మరమగ్గాల సంగతి వేరు. ఆ చప్పుడు, ఆ అదురు పడకగది గోడకు తగలకూడదు. వాటికి విడి షెడ్డే ఉండాలి.

మగ్గం గది ఎంత పెద్దది కావాలి?

ముందు మీ మగ్గాన్నే కొలవండి. పన్నె (పోగులను వరసగా పట్టి ఉంచే దువ్వెన లాంటి పలక) వెడల్పు ఎంత, పడుగు (నిలువు పోగులు) ఎంత దూరం సాగుతుంది, మనిషి పక్కనుంచి దూరి తెగిన పోగు అతకడానికి ఎంత చోటు కావాలి అని చూడండి. ఒక గుంట మగ్గానికి 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు కంటే తగ్గితే ఇబ్బందే. పడుగును దూరంగా గుంజకు లాగి కట్టే పద్ధతి మీదైతే ఇంకా పొడవు కావాలి. డిజైనుకు తగ్గట్టు పోగులను లేపే జకార్డ్ పెట్టె పెట్టాలనుకుంటే ఎత్తు కూడా చూడాలి. ఆ పెట్టె మగ్గం పైన కూర్చుంటుంది, దాన్ని సరిచేసే మనిషి తల కప్పుకు తగలకూడదు. 11 అడుగుల కప్పు ఉంటే నిశ్చింత. ఇంట్లో ఈ ఒక్క గది కప్పు ఎత్తుగా ఉన్నా తప్పులేదు, వేడి గాలి కూడా పైకి పోతుంది.

రెండో మగ్గానికి ఇప్పుడు డబ్బు లేకపోయినా చోటు వదిలి ఉంచండి. ఇండోర్‌లో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి డిజైన్ చేసిన అరణ్య కాలనీలో చాలామందికి ముందు పునాది, నీళ్ల కనెక్షన్, మరుగుదొడ్డి లాంటి మూల భాగమే ఇచ్చారు. మిగతాది కుటుంబాలు వీలైనప్పుడల్లా పెంచుకున్నాయి. కొన్ని ఇళ్ల ముందు భాగం దుకాణాలైంది. నేత ఇంటికీ ఇదే పద్ధతి నప్పుతుంది.

వానాకాలం వస్తే గుంటలోకి నీళ్లొస్తున్నాయి, వారాల తరబడి మగ్గం ఆగిపోతోంది. దీనికి దారేంటి?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. నీళ్లు రెండు దారుల్లో వస్తాయి: వీధిలోంచి గడప దాటి, లేదా నేల కింది నుంచి ఊరి. రెంటికీ మందు వేరు.

వీధి నీళ్లకు మందు పునాది ఎత్తు. గుంట లోతు సాధారణంగా రెండు, రెండున్నర అడుగులు ఉంటుంది. మగ్గం గది నేలను వీధి కంటే మూడడుగులు పైకి లేపితే గుంట అడుగు కూడా వీధి మట్టానికి పైనే ఉంటుంది. అప్పుడు గుంటను భూమిలోకి తవ్వం, పునాదిలో నింపిన మట్టిలో వదిలిపెడతాం. అదనపు మట్టికి, రెండు మెట్లకు ఖర్చవుతుంది. ఒక తుపానుకు తడిసి పాడైన పట్టు పడుగు ధరతో పోల్చి చూడండి, ఈ ఖర్చు బరువనిపించదు. మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి. ఒకేసారి పోసేస్తే ఏడాదికల్లా కుంగి గుంట గోడలు పగులుతాయి.

చీరాల, వేటపాలెం వంటి తీరప్రాంత ఇసుక నేలల్లో నీటిమట్టం పైనే ఉంటుంది, నీళ్లు కిందినుంచి ఊరతాయి. అక్కడ నేల మట్టం కింద గుంట ఉంటే అడుగుతో సహా కాంక్రీటు తొట్టిలా ఒకే పోతలో పోయించాలి. గోడకూ అడుగుకూ మధ్య అతుకు ఉంటే నీళ్లు అక్కడినుంచే వస్తాయి. ఒక మూల చిన్న గొయ్యి వదిలితే ఎప్పుడైనా చేరిన నీళ్లను చెంబుతో తోడేయొచ్చు. గుంట అంచును గది నేల కంటే నాలుగంగుళాలు లేపితే ఇల్లు కడిగిన నీళ్లు కూడా దిగవు.

గుంటంతా సిమెంటు చేస్తే పోగులు తెగుతాయని పెద్దవాళ్లు అంటున్నారు. నిజమేనా?

నిజమే. నూలు పోగుకు తేమ తగిలితే బలం పెరుగుతుంది. భూమిలో గుంట తవ్వి, పడుగును నేలకు దగ్గరగా పరచడంలో ఉన్న తెలివి ఇదే. సిమెంటు తొట్టిలో ఆ తేమ ఉండదు. పోచంపల్లి వైపు లాగా నీటిమట్టం లోతుగా ఉన్నచోట గుంట పక్కలకు ఇటుక కట్టి, అడుగున మట్టి, దాని మీద ఇసుక వదిలేయండి. మొత్తం కాంక్రీటు చేయక తప్పనిచోట అడుగున ఇసుక పోసి ఎండాకాలంలో నీళ్లు చల్లండి, లేదా పడుగు కింద తడి గోనె పట్టాలు పరచండి. గది నేలంతా పాలిష్ టైల్స్ వేయకుండా మగ్గం చుట్టూ తాండూరు బండలు, సందుల్లో సున్నం వాడితే కొంత తేమ నిలుస్తుంది. పట్టు నేసేవాళ్లకు ఈ పట్టింపు తక్కువ.

కిటికీలు ఎటువైపు, ఎంత ఎత్తులో పెట్టాలి?

ఎటువైపు అన్నదానికి జవాబు తేలిక: ఉత్తరం. రోజంతా ఒకేలా ఉండే, రంగును మార్చి చూపని వెలుతురు అటునుంచే వస్తుంది. చిటికి నేతలో పేక (అడ్డు పోగులు) మీది డిజైను పడుగు మీది డిజైనుతో కలవాలి, ఎరుపుకూ మెరూనుకూ తేడా కళ్లకు తెలియాలి. పడమటి ఎండ నేరుగా పడితే కళ్లు చెదురుతాయి, అద్దిన రంగు కూడా వెలుస్తుంది. మన అక్షాంశాల్లో మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి ఉత్తరపు కిటికీకీ రెండడుగుల సజ్జా కావాలి. పొద్దున, సాయంత్రం పక్కనుంచి వచ్చే ఎండను ఆపడానికి కిటికీకి అటూ ఇటూ నిలువు పలకలు పెట్టాలి.

ఎత్తు దగ్గరే అందరూ పొరబడతారు. మేస్త్రి అలవాటు కొద్దీ మూడడుగుల మీద కిటికీ పెడతాడు. గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి కాళ్లు గుంటలో ఉంటాయి, కళ్లు నేలకు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. అంటే ఆ కిటికీ అడుగు వాళ్ల కంటికంటే పైన ఉంది! వాళ్లకు ఆకాశం మెరుపు కనిపిస్తుంది, పన్నె ముందున్న గుడ్డ మీద నీడ పడుతుంది. మగ్గం గది కిటికీ నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులోనే మొదలవ్వాలి, అదీ నేసే మనిషికి పక్కగా, ఎడమనో కుడినో. దొంగల భయం ఉంటే గ్రిల్ పెట్టించండి కానీ కిటికీని పైకి జరపకండి.

గాలి కూడా కావాలి, నూలు దుమ్ము బయటికి పోవాలి. కానీ గాలి పడుగు మీదుగా రివ్వున కొడితే పోగులు చిక్కుపడతాయి. అందుకే ఎదురు గోడలో వెంటిలేటర్లు కప్పుకు దగ్గరగా పెట్టండి. వేడి, దుమ్ము అటు పోతాయి, మగ్గం మట్టంలో గాలి నిదానంగా ఉంటుంది.

రేకులు వేద్దామా, స్లాబు వేద్దామా?

సిమెంటు రేకుల కింద ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కూర్చోలేరు. రోజులో సగం పని పోయే కప్పు చవకది కాదు. ఉత్త స్లాబు కూడా రాత్రి పదింటి దాకా వేడి దించుతూనే ఉంటుంది. నా ఎంపిక ఫిల్లర్ స్లాబు. స్లాబు కింది సగంలో కాంక్రీటుకు పెద్ద పని ఉండదు కాబట్టి అక్కడ పెంకులు పెట్టి పోస్తారు. కాంక్రీటు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని ఆపుతుంది. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ పేదల ఇళ్లకు విరివిగా వాడిన పద్ధతి ఇది. పైన తెల్ల కూల్ పెయింటో సున్నమో కొట్టండి. కూల్ రూఫ్‌ల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో ఏకంగా ఒక విధానమే తెచ్చింది.

పాత గూన పెంకుటిల్లు ఉన్నవాళ్లు దాన్ని కూల్చేముందు ఒక్కసారి ఆలోచించండి. వాసాలు గట్టిగా ఉంటే పెంకు తిరగవేయించుకోవడమే మేలు.

గోడలకు ఏ ఇటుక వాడాలి?

స్థలం నుంచి పిడికెడు మట్టి తీసి చూసుకుని చెప్పాల్సిన మాట ఇది. ఎర్రనేల అయితే అయిదు శాతం దాకా సిమెంటు కలిపి మెషీన్లో నొక్కిన మట్టి ఇటుకలు చేసుకోవచ్చు. వాటిని కాల్చక్కర్లేదు, ఊళ్లోనే తయారవుతాయి. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో దశాబ్దాలుగా వాటితో రెండు మూడంతస్తులు కడుతున్నారు. నల్లరేగడి దీనికి పనికిరాదు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. అలాంటి నేలలో పునాది విషయంలోనూ ఇంజనీర్ మాట వినకుండా ముందుకెళ్లొద్దు. విజయవాడ, రామగుండం లాంటి థర్మల్ కేంద్రాలకు దగ్గరున్నవాళ్లకు ఫ్లై యాష్ ఇటుక సులువు.

కాల్చిన ఇటుకే వాడితే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టించండి. ఇటుకలను నిలువు అంచు మీద పేర్చి మధ్యలో ఖాళీ వదులుతారు. ఇటుక నాలుగో వంతు దాకా మిగులుతుంది, ఆ ఖాళీ వేడిని అడ్డుకుంటుంది. మేస్త్రికి కొత్తయితే ముందు ఒక ప్రహరీ గోడ కట్టించి చేయి తిరిగేలా చూడండి.

పడుగు సాగదీయడానికి వీధి కావాలి. ప్లాన్‌లో ఎంత వదలాలి?

ఒక చీర సుమారు ఆరు మీటర్లు. ఒక్కసారి ఎన్ని చీరల పడుగు వేస్తారో దాన్ని ఆరుతో హెచ్చించండి. ఏడు చీరలంటే 42 మీటర్లు, రెండు చివరల గుంజలతో కలిపి 50 మీటర్లకు దగ్గరగా ఉండే తిన్నని చోటు. నూలుకు గంజి పెట్టేవాళ్లకు ఇది తప్పనిసరి. ఇళ్లను రెండు వరసల్లో ఎదురెదురుగా పెట్టి మధ్య వీధిని ఈ పొడవుకు తగ్గకుండా ఉంచండి. ఒక పక్క వేప, కానుగ నాటితే పొద్దుటి పని నీడలో అవుతుంది. కార్లు, బైకులు కాలనీ వెనకవైపు నుంచి రావాలి. వీధిలోకి బండి రావడం మొదలైతే రెండేళ్లలో ఆ వీధి పార్కింగ్ అయిపోతుంది, పడుగు పట్టుకుని మళ్లీ ఊరి రోడ్డు మీదికి వెళ్లాల్సొస్తుంది. ప్రతి ఇంటికీ వీధి వైపు అరుగు పెట్టండి. కండెలు చుట్టేవాళ్లు, కొనడానికి వచ్చినవాళ్లు కూర్చునేది అక్కడే.

రంగుల అద్దకం ఇంట్లోనే చేసుకోవచ్చా?

వద్దు. మిగతా విషయాల్లో మీ వీలునుబట్టి సర్దుకోవచ్చు, ఇందులో మాత్రం సర్దుబాటు లేదు. అద్దకంలో వాడే కాస్టిక్ సోడా చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది. హైడ్రో (సోడియం హైడ్రోసల్ఫైట్ పొడి) డబ్బాలోకి కాస్త తడి వెళ్తే వేడెక్కి మంటలు రేగొచ్చు. అలాంటివి వంటగది అరలోనో మంచం కిందో ఉండకూడదు. రంగునీళ్లను ఇంటి వెనక ఇంకుడు గుంతలోకి వదిలితే నాలుగిళ్ల అవతలి బోరులోకి చేరతాయి.

అందరికీ కలిపి ఒకే అద్దకం షెడ్డు కట్టండి. కాలనీకి పల్లంలో, తాగునీటి బోరుకు దూరంగా ఉండాలి. పక్కలు తెరిచి ఉండే ఎత్తైన కప్పు, ఆమ్లాలకు, క్షారాలకు తట్టుకునే నేల, చేయి కాలితే వెంటనే కడుక్కునే కుళాయి, మందులకు తాళం వేసే పొడి గది కావాలి. రంగునీళ్లు విడి ట్యాంకులోకి పోవాలి. ఇంటి స్నానాల నీళ్లను రెల్లు, మెట్టతామర పెంచిన గులకరాళ్ల మడుగులోంచి పంపి తోటకు వాడుకోవచ్చు. రంగునీళ్లకు అదొక్కటే చాలదు, అందులోని ఉప్పును మొక్కలు తీయలేవు. శుద్ధికి కాలుష్య నియంత్రణ మండలి ఏం కోరుతుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

నీళ్ల మంచిచెడ్డలు స్థలం కొనకముందే చూసుకోవాలి. గుజరాత్‌లోని కచ్‌లో 2001 భూకంపం తర్వాత ధమడ్కా ఊరి నీళ్లలో ఇనుము పెరిగి, అజ్రఖ్ అనే అచ్చు అద్దకం రంగులు చెడిపోయాయి. అక్కడి అద్దకం కుటుంబాల్లో చాలామంది భుజ్ దగ్గర కొత్త ఊరు కట్టుకున్నారు, అదే అజ్రఖ్‌పూర్. రిజిస్ట్రేషన్ కంటే ముందు ఆ స్థలం నీళ్లతో ఒక లచ్చి నూలు అద్ది చూడండి.

వాన నీళ్లు పట్టుకుంటే ఎంత వస్తాయి?

చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 60 చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 750 మిల్లీమీటర్ల వాన, అందులో అయిదో వంతు వృథా అనుకున్నా 36,000 లీటర్లు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ తరతరాలది. ఇప్పుడు కుళాయి నీళ్లు వస్తున్నా, కుళాయి ఆగినరోజు బోరు వైపు పోకుండా ఉండాలంటే వాన నీళ్ల ట్యాంకు ఉండాలి. మొదటి వాన నీళ్లు బయటికి పోయేలా పైపు పెట్టండి. అద్దకానికి కూడా కఠినమైన బోరు నీళ్ల కంటే ఇవి మంచివి.

సోలార్ అవసరమా?

చేతి మగ్గానికి కరెంటు అక్కర్లేదు. లైట్లు, ఫ్యాను, కండెలు చుట్టే మోటారు, ఆసు మెషీను, ఇంటి వాడకం, అంతే. ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లిస్తుంది, కప్పు మీద పది చదరపు మీటర్లు చాలు. పీఎం సూర్య ఘర్ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000 రూపాయల సబ్సిడీ ఉంది.

ఆసు గురించి ఒక మాట. వేల సార్లు చేయి తిప్పుతూ ఆసు పోసి భుజాలు అరిగిన తల్లి కష్టం చూసి చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రానికి కిటికీ పక్కన చోటు, ఒక ప్లగ్ పాయింట్ ప్లాన్‌లోనే గుర్తు పెట్టండి. మగ్గం గది వైరింగ్‌కు విడి సర్క్యూట్, ఎర్తింగ్, షాక్ కొట్టే పరిస్థితి వస్తే వెంటనే కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. తడి గుంటలో కాళ్లు పెట్టి పనిచేసే చోటది.

వాస్తు సంగతి?

పెద్ద గొడవేమీ రాదు. మగ్గం గది ఉత్తరానో ఈశాన్యానో ఉంటే వెలుతురూ కుదురుతుంది, నైరుతిలో గుంట ఉండకూడదన్న మాటా నిలబడుతుంది. వంటగది ఆగ్నేయంలో ఉంటే పొగ మగ్గం వైపు రావడం తక్కువ. నూలు, పట్టు రెండూ నూనె పొగను పట్టేస్తాయి కాబట్టి వంటగదికీ మగ్గానికీ మధ్య తలుపున్న గోడ ఉండాల్సిందే.

డబ్బు తక్కువైతే దేన్ని తగ్గించాలి?

ఫాల్స్ సీలింగ్, ముందు గోడకు టైల్స్, రెండో బాత్రూమ్ ఆపండి. లోపలి గోడలకు ప్లాస్టరింగ్ తర్వాతైనా చేసుకోవచ్చు. పునాది ఎత్తు, గుంట, ఉత్తరపు కిటికీలు, కప్పు మాత్రం మొదటిరోజే సరిగ్గా పడాలి, వాటిని తర్వాత సరిచేయాలంటే మళ్లీ కట్టినంత పని. జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమం కింద వర్క్‌షెడ్డుకు, లైటింగ్‌కు సాయం ఉంది. దరఖాస్తు చేనేత, జౌళి శాఖ జిల్లా కార్యాలయం ద్వారా వెళ్తుంది. పని మొదలుపెట్టకముందే అక్కడికి వెళ్లండి.

స్థలం అందరి పేరు మీదా ఉండాలా, ఎవరిది వాళ్లదా?

ఇల్లు ఎవరిది వాళ్ల పేరు మీదే, వీలైతే భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఉండాలి. పడుగు వీధి, అద్దకం షెడ్డు, బోరు, నీళ్ల ట్యాంకు మాత్రం సంఘం పేరు మీద ఉండాలి. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. మద్రాసు దగ్గర చోళమండలం దీనికి మంచి ఉదాహరణ. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ ముందుండి నడిపించగా కళాకారులు తమ చేతిపనులు అమ్మిన డబ్బు పోగుచేసి స్థలం కొన్నారు, ఇళ్లూ పనిచోట్లూ అక్కడే కట్టుకున్నారు. ఎవరైనా ఇల్లు అమ్మాలనుకుంటే ముందు సంఘాన్ని అడగాలన్న షరతు బైలాలో రాసుకోండి. లేకపోతే రోడ్డు పక్క ప్లాట్లు ఒక్కొక్కటే బయటివాళ్లకు పోతాయి.

మోకాళ్ల నొప్పులు, గుంటలోకి దిగలేకపోతున్నాను. మగ్గం మానేయాలా?

అక్కర్లేదు. గుంట పక్కన మధ్యమెట్టు ఒకటి, గోడకు పట్టుకోవడానికి పైపు ఒకటి పెట్టిస్తే చాలామందికి సరిపోతుంది. కాకపోతే స్టాండు మగ్గం. అది పెడితే మనిషి కూర్చునే ఎత్తు పెరుగుతుంది కాబట్టి కిటికీ మూడున్నర అడుగులు దాటి పైకి కూడా ఉండాలి. అందుకే మొదటే నిలువుగా పొడవాటి కిటికీలు పెట్టుకోమంటాను, రెండు మగ్గాలకూ పనికొస్తాయి.

రేపు పిల్లలు నేతలోకి రాకపోతే ఈ గది ఏం చేసుకోవాలి?

అందుకే మగ్గం గదికి వీధి వైపు విడి తలుపు ఉండాలి. టైలరింగ్ కావచ్చు, చీరల దుకాణం కావచ్చు, అద్దెకివ్వొచ్చు, ఇంట్లోవాళ్లకు అడ్డం లేకుండా నడుస్తుంది. గుంటను మాత్రం మట్టితో పూడ్చకండి. గుంట కట్టేటప్పుడే అంచు లోపల రెండంగుళాల మెట్టు వదిలితే దాని మీద టేకు పలకలు పరిచి మామూలు నేలలా వాడుకోవచ్చు. పలకల మధ్య వేలు పట్టేంత సందు ఉంచండి, లోపలి తేమ బయటికి పోతుంది, ఎత్తడానికీ వీలుంటుంది.